కుట్లు విప్పగానే ప్రయాణమా? గాంధీజీ ఏం చేశారో చూడండి

ఆపరేషన్ చేయించుకుని ఇంటికెళ్లే రోజున పేషెంట్లు అడిగే ప్రశ్నలు ప్రధానంగా మూడు. స్నానం ఎప్పుడు చేయొచ్చు, ఏం తినొచ్చు, ప్రయాణం ఎప్పుడు చేయొచ్చు? మొదటి రెండింటికీ జవాబు శ్రద్ధగా వింటారు. మూడోది అడిగేసరికే చాలా ఇళ్లలో టికెట్లు కొనేసి ఉంటారు. మేనకోడలి పెళ్లో, తిరుపతి మొక్కో, అమెరికాలో కూతురి పురుడో దగ్గర పడుతుంటుంది. ఇక డాక్టర్ సరే అనాలి, అంతే.

నేను సర్జన్‌ను కాను, ఫిజీషియన్‌ను. ఆపరేషన్ చేసేది సర్జన్లు. ఆ తర్వాత రాత్రంతా బస్సులో కూర్చుని, తెల్లారేసరికి ఒక పిక్క వాచిపోయి, ఆయాసపడుతూ వచ్చేవాళ్లను చూసేది మేము. అలాంటివాళ్లు మా వార్డులో ఏడాది పొడవునా ఒకరిద్దరైనా కనిపిస్తుంటారు. వాళ్లలో చాలామందికి ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగే ఉంటుంది. కుట్లు చక్కగా మానే ఉంటాయి. గాయం మానడానికి పట్టే సమయం వేరు, మనిషి కోలుకోవడానికి పట్టే సమయం వేరు. ప్రయాణానికి లెక్క చూసుకోవాల్సింది రెండోదాన్ని.

ఈ సంగతి చెప్పడానికి ఈ వారం ఒక పేషెంటు కథ ఎంచుకున్నాను. మీకు బాగా తెలిసిన మనిషే. దేశమంతా రైలు మూడో తరగతి పెట్టెల్లో తిరిగారు. ఓడల్లో మూడు ఖండాలు చుట్టారు. ఆయన నడక గురించి, నిరాహార దీక్షల గురించి మనం బడిలోనే చదివాం. ఆయన ఎన్నిసార్లు మంచం పట్టారో, ఎలా లేచారో మాత్రం పెద్దగా చెప్పుకోం. మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ మంచి పేషెంటని నేను అనను. డాక్టర్లను బాగా విసిగించిన మనిషే. కానీ తప్పులూ ఒప్పులూ రెండూ చేశారు కాబట్టి ఆయన దగ్గర మనం నేర్చుకోవడానికి చాలా ఉంది.

వానలో కస్తూర్బా ప్రయాణం

మొదటి సంఘటనలో పేషెంటు గాంధీజీ కాదు, ఆయన భార్య. దక్షిణాఫ్రికాలో సత్యాగ్రహం నడుస్తున్న రోజులవి. కస్తూర్బాకు తరచూ రక్తస్రావం అవుతుండేది. తెలిసిన డాక్టర్ ఆపరేషన్ చేయాలన్నారు. ఆమె అప్పటికే చిక్కి శల్యమై ఉన్నారు. క్లోరోఫారం ఇస్తే తట్టుకోలేరేమోనని మత్తు లేకుండానే డర్బన్‌లో ఆపరేషన్ చేశారు. ఆ నొప్పి ఎలా భరించారో ఆవిడకే తెలియాలి. డాక్టరూ, ఆయన భార్యా తమ ఇంట్లోనే ఉంచుకుని ఆమెకు సేవ చేశారు. పరవాలేదనుకున్నాక గాంధీజీ జోహాన్నెస్‌బర్గ్ వెళ్లారు.

కొద్దిరోజులకే కబురొచ్చింది. ఆమె మంచం మీద లేచి కూర్చోలేకపోతున్నారు, ఒకసారి స్పృహ కూడా తప్పారు. బలానికి గొడ్డు మాంసం రసం పట్టాలని డాక్టర్ అన్నారు. గాంధీజీ ఒప్పుకోలేదు. కస్తూర్బాను అడిగితే ఆమె అంతకంటే గట్టిగా కాదన్నారు. తన వైద్యానికి అడ్డుపడితే బాధ్యత తీసుకోలేనని డాక్టర్ తేల్చేశారు. దాంతో ఆమెను ఫీనిక్స్ ఆశ్రమానికి తీసుకెళ్లిపోవాలని నిర్ణయించారు.

బయట సన్నగా వాన. స్టేషన్ కొంత దూరం. డర్బన్ నుంచి ఫీనిక్స్‌కు రైలు, అక్కడి నుంచి ఆశ్రమానికి రెండున్నర మైళ్లు. ముందుగా ఒక మనిషిని ఫీనిక్స్ పంపారు. అక్కడ స్టేషన్‌కు ఒక ఊయల లాంటి జోలె, ఒక సీసాలో వేడి పాలు, మరో సీసాలో వేడి నీళ్లు, మోయడానికి ఆరుగురు మనుషులు రావాలని కబురు పెట్టారు. ఇక్కడ ఆమెను రిక్షాలో స్టేషన్‌కు చేర్చారు. పొడవాటి ప్లాట్‌ఫాం మీద రిక్షా వెళ్లదు. గాంధీజీ ఆమెను చేతుల మీద ఎత్తుకుని పెట్టె దాకా మోసుకెళ్లారు. అవతల జోలె సిద్ధంగా ఉంది. ఆశ్రమంలో ఆమె మెల్లగా కోలుకున్నారు.

ఒక డాక్టర్‌గా నా మాట చెప్పాలి కదా. ఫలితం బాగుంది కాబట్టి నిర్ణయం సరైనదే అనుకోవద్దు. లేచి కూర్చోలేని పేషెంటును, అందులోనూ స్పృహ తప్పిన మనిషిని, ఆపరేషనైన కొద్దిరోజులకే కదిలించడం పెద్ద సాహసం. ఆ రోజు ఆమె అదృష్టం బాగుంది. డాక్టర్ సలహాకు వ్యతిరేకంగా వెళ్తున్నామని సంతకం పెట్టి పేషెంటును తీసుకెళ్లే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. వాళ్లందరి అదృష్టం అలా ఉండదు.

అయినా ఆ ప్రయాణంలో మెచ్చుకోవాల్సింది ఒకటుంది. ఏర్పాటు. దారిలో ఎక్కడ ఏం కావాలో బయల్దేరకముందే ఆలోచించారు. మనం చేసేదేంటి? హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకుని సొంతూరికి వెళ్లేటప్పుడు రైలు టికెట్ సంగతి చూస్తాం. ఆ స్టేషన్‌లో మెట్ల వంతెన ఎక్కాలా, లిఫ్ట్ ఉందా, వీల్‌చైర్ దొరుకుతుందా అని ఆలోచించం. దిగాక ఇంటికి ఆటోలో వెళ్లాలా, కారు వస్తుందా అన్నది దిగాకే చూస్తాం. అసలు కుదుపంతా ఆ చివరి నాలుగు కిలోమీటర్లలోనే ఉంటుంది. స్పీడ్‌బ్రేకర్లు, గుంతలు. కడుపు కోసి ఆపరేషన్ చేసినవాళ్లకు ఆటో వెనక సీటు నరకమే. ఆర్టీసీ బస్సులో వెనక చక్రాల మీది సీట్లూ అంతే. పొట్ట మీద ఒక చిన్న దిండు అదిమి పట్టుకుని కూర్చుంటే దగ్గు వచ్చినా, కుదుపు వచ్చినా కుట్ల మీద లాగుడు తగ్గుతుంది. కారులో సీటుబెల్టుకూ గాయానికీ మధ్య మెత్తటి తువ్వాలు పెట్టుకోండి. బెల్టు మాత్రం మానొద్దు.

గాలి మార్పు అనే నమ్మకం

1914 చివర్లో గాంధీజీ లండన్‌లో ఉన్నారు. ఊపిరితిత్తి పైపొరకు వాపు వచ్చింది. ప్లూరిసీ అంటాం. చలికాలంలో లండన్‌లో తగ్గదని, ఇండియా వెళ్లిపొమ్మని సలహా ఇచ్చారు. డాక్టర్ జీవరాజ్ మెహతా ఆయన పక్కటెముకలకు పట్టీ బిగించి, ఎర్ర సముద్రం చేరేదాకా విప్పొద్దన్నారు. మనవాడు రెండు రోజులు ఓర్చుకుని, ఆ తర్వాత నానా తంటాలు పడి పట్టీ పీకేసి స్నానం చేశారు. ఇలాంటి పేషెంట్లు మీ ఇంట్లో కూడా ఉండే ఉంటారు. ఎండు పళ్లూ, గింజలూ తింటూ ప్రయాణం చేశారు. సూయజ్ కాలువ దగ్గరికి వచ్చేసరికి కాస్త తేరుకున్నారు. 1915 జనవరి 9న బొంబాయిలో దిగారు.

ఈసారి ప్రయాణం మేలు చేసింది. నాలుగేళ్ల తర్వాత ఇంకో ప్రయాణం కీడు చేసింది.

1918లో ఖేడా జిల్లాలో తిరుగుతూ గాంధీజీ తీవ్రమైన జిగట విరేచనాల పాలయ్యారు. ఇంజెక్షన్లు వద్దు, మందులొద్దు, పాలు ముట్టనని ఒట్టు. ఇక బతకనని ఆయనే అనుకునేంత వరకు వచ్చింది. కొంచెం తెప్పరిల్లగానే హితులందరూ కలిసి గాలి మార్పు కోసం మాథేరాన్ వెళ్లమన్నారు. బొంబాయికి దగ్గర్లో ఉన్న కొండ ఊరు. చల్లటి గాలి, చెట్లు. కాగితం మీద చూస్తే ఇంతకంటే మంచి చోటు లేదు.

కానీ అక్కడి నీళ్లలో లవణాలు ఎక్కువ. విరేచనాల వల్ల మలద్వారం దగ్గర అప్పటికే చీలికలు పడ్డాయి. అక్కడికి వెళ్లాక మలవిసర్జన ప్రాణం పోయేంత బాధగా మారింది. తిండి అనే మాట తలుచుకుంటేనే భయం వేసేది. వారం తిరక్కుండానే ఆ కొండ దిగి పారిపోయి వచ్చారు.

గాలి మార్పు మంచిదని మన పెద్దవాళ్లు కూడా నమ్ముతారు. నేను కాదనను. అయితే గాలి ఒక్కటే మారదు. నీళ్లు మారతాయి, మరుగుదొడ్డి మారుతుంది, వంట మారుతుంది, పడక మారుతుంది. ఆపరేషన్ తర్వాత పేగుల కదలిక కొన్నాళ్లు మందంగా ఉంటుంది. నొప్పికి ఇచ్చే కొన్ని బిళ్లలు మలబద్ధకం తెస్తాయి. దీనికి తోడు ప్రయాణం. మన ఆడవాళ్లలో చాలామంది దారిలో బాత్రూం సరిగా ఉండదని ముందురోజు నుంచే నీళ్లు మానేస్తారు. దాంతో మలం గట్టిపడుతుంది, ముక్కుతారు, కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. రక్తం చిక్కబడి కాలి సిరల్లో గడ్డకట్టే అవకాశం కూడా పెరుగుతుంది. నీళ్లు మానడం కాదు, మంచి బాత్రూం ఉన్న చోట ఆగుతూ వెళ్లేలా ప్రయాణాన్ని పెట్టుకోవాలి. అది కుదరకపోతే ఆ ప్రయాణం ఇంకో నెలకు వాయిదా వేయండి. కొండలు ఎక్కడికీ పోవు.

మాథేరాన్ నుంచి వచ్చాక శంకర్‌లాల్ బ్యాంకర్ గాంధీజీ ఆరోగ్యానికి తానే కాపలాదారుగా కూర్చుని, బొంబాయిలో డాక్టర్ దలాల్‌కు చూపించారు. పాలు తాగకుండా ఈ శరీరాన్ని మళ్లీ నిలబెట్టలేనని దలాల్ చెప్పేశారు. ఆవు పాలు, గేదె పాలు ముట్టనని ఒట్టు వేసుకున్న మనిషికి, మేక పాలకు అభ్యంతరం ఏమిటని అడిగింది కస్తూర్బానే. ఆ మెలిక పట్టుకుని ఆయన మేక పాలు మొదలుపెట్టారు. ఒట్టులోని మాట నిలిచింది గానీ దాని ఆత్మ పోయిందని తర్వాత చాలా ఏళ్లు బాధపడ్డారు. నాకైతే ఆ మేకకు దండం పెట్టాలనిపిస్తుంది. కాస్త బలం వచ్చాక దలాల్ ఆ చీలికలకు ఆపరేషన్ చేశారు. గమనించండి, ముందు తిండి, బలం, ఆ తర్వాత కత్తి. ముందుగా తేదీ పెట్టుకుని చేసే ఆపరేషన్లకు ఇప్పుడు కూడా మేం అదే చెబుతాం. రక్తహీనత సరిచేసుకుని, షుగర్ అదుపులోకి తెచ్చుకుని రమ్మంటాం.

మంచం మీద ఉండగానే రౌలట్ కమిటీ సిఫార్సుల గురించి పేపర్లో చదివారు. ఇక ఆగలేదు. 1919 మార్చిలో, ఒంట్లో ఇంకా శక్తి లేకుండానే మద్రాసుకు అంత దూరం ప్రయాణం చేశారు. అక్కడే దేశమంతా హర్తాళ్ చేయాలన్న ఆలోచన ఆయనకు వచ్చింది. చరిత్ర మనకు ఆ సంగతే చెబుతుంది. ఆ రోజుల్లో ఆయన నిలబడి మాట్లాడలేకపోయేవారని, ప్రయత్నిస్తే ఒళ్లంతా వణికి, గుండె దడదడలాడేదని ఎవరూ చెప్పరు. చాలా సభల్లో ఆయన ప్రసంగాన్ని వేరేవాళ్లు చదివి వినిపించారు. వెళ్లక తప్పని ప్రయాణమైతే దీన్ని గుర్తుపెట్టుకోండి. పెళ్లికి వెళ్లారు సరే, పీటల దగ్గర నిలబడాల్సింది మీరే అని ఎక్కడా లేదు. అక్షింతలు కుర్చీలో కూర్చుని కూడా వేయొచ్చు.

లాంతరు వెలుగులో ఆపరేషన్

ఇక అసలు ఘట్టం. 1922 మార్చిలో ఆరేళ్ల శిక్ష పడి గాంధీజీ పుణె దగ్గర ఎరవాడ జైల్లో ఉన్నారు. 1924 జనవరిలో కడుపునొప్పి, జ్వరం. చూస్తే అపెండిసైటిస్. జనవరి 12 సాయంత్రం ససూన్ ఆసుపత్రికి తరలించారు. వయసు 54. సర్జన్ కర్నల్ మాడక్, బ్రిటిష్ అధికారి. ఖైదీ చనిపోతే దేశం భగ్గుమంటుంది. అందుకని శ్రీనివాస శాస్త్రి, పుణెలోని మిత్రుడు డాక్టర్ ఫాటక్‌ల సమక్షంలో ఒక ప్రకటన రాయించారు. డాక్టర్ల మీద తనకు నమ్మకం ఉందని, ఆపరేషన్‌కు అంగీకారమేనని దాని సారాంశం. గాంధీజీ వణికే చేత్తో పెన్సిల్‌తో సంతకం చేశారు. ఆసుపత్రులనూ, ఇంగ్లిష్ వైద్యాన్నీ 1909లో హింద్ స్వరాజ్‌లో తీవ్రంగా విమర్శించిన చెయ్యే అది.

రాత్రి ఆపరేషన్ సగంలో ఉండగా గాలివాన. కరెంటు పోయింది. నర్సు పట్టుకున్న టార్చి లైటు కూడా ఆరిపోయింది. చివరికి హరికేన్ లాంతరు వెలుగులో మాడక్ పని ముగించారు. గాంధీజీ బతికారు.

మన కథకు ముఖ్యమైనది ఆ తర్వాత జరిగింది. గాయం దగ్గర చీము చేరింది. పెన్సిలిన్‌ను కనిపెట్టడానికే ఇంకా నాలుగేళ్లు ఉంది. చీము దానంతట అది పోయి, గాయం లోపలి నుంచి పూడుకుంటూ రావాల్సిందే. అనుకున్నంత తొందరగా కోలుకోలేదు. ఫిబ్రవరి 5న ప్రభుత్వం షరతుల్లేకుండా విడుదల చేసింది. ఆ రోజు నుంచి ఆయన స్వేచ్ఛాజీవి. దేశమంతా ఎదురుచూస్తోంది, అహ్మదాబాద్‌లో సబర్మతి ఆశ్రమం ఎదురుచూస్తోంది. ఆయన మాత్రం ఆసుపత్రి మంచం వదల్లేదు. మార్చి రెండో వారం దాకా, అంటే ఇంకో అయిదు వారాలు అక్కడే ఉన్నారు. జైలు నుంచి విడుదల కావడం వేరు, ఆసుపత్రి నుంచి డిశ్చార్జి కావడం వేరు అని, ఎప్పుడూ డాక్టర్ మాట వినని ఈ మనిషి ఈసారి ఒప్పుకున్నారు.

డిశ్చార్జి అయ్యాక కూడా తిన్నగా ఇంటికి వెళ్లలేదు. ఆరు నెలలపాటు సముద్ర తీరంలో విశ్రాంతి కావాలన్నది వైద్యుల అభిప్రాయం. బొంబాయి పక్కన జుహూలో ఒక మిత్రుడి బంగళాకు వెళ్లారు. ఇప్పటి జుహూ కాదు, అప్పుడు కొబ్బరి చెట్లూ ఇసకా ఉన్న పల్లె. మాథేరాన్‌కూ దీనికీ తేడా చూడండి. ఎక్కడానికి కొండ లేదు. సాయంత్రం మెల్లగా నడవడానికి చదునైన ఒడ్డు ఉంది. పెద్ద డాక్టర్లున్న బొంబాయి నగరం పక్కనే ఉంది. నేను మీకు విశ్రాంతికి చోటు ఎంచమంటే ఈ మూడే చూడమంటాను: చదునైన నడక, సరిపడే నీళ్లు, గంటలోపు చేరగలిగే మంచి ఆసుపత్రి. దృశ్యం ఎంత అందంగా ఉందన్నది ఆ తర్వాతి మాట.

జుహూలో ఆయన్ను ఇబ్బంది పెట్టింది జబ్బు కాదు, జనం. చూడ్డానికి వచ్చేవాళ్లు ఆగలేదు. చివరికి రావద్దని, వచ్చినా పరిమితంగా రావాలని ప్రజలకు బహిరంగంగా విజ్ఞప్తి చేసుకోవాల్సి వచ్చింది. గాంధీజీ అంతటివాడే ఆ మాట చెప్పగలిగినప్పుడు మీరు చెప్పడానికి మొహమాటం ఎందుకు? మన ఇళ్లలో ఆపరేషనైన మనిషిని చూడ్డానికి బత్తాయిలు పట్టుకుని ఊరంతా వస్తుంది. వచ్చిన ప్రతివాళ్లకూ మొదటి నుంచి కథ చెప్పాలి. వాళ్లకు కాఫీలు ఇస్తూ ఆ ఇంటి ఇల్లాలు కూడా మంచం పడుతుంది. అందుకే కొందరు విశ్రాంతి కోసం వేరే ఊళ్లో ఉన్న కూతురి ఇంటికి వెళ్తామంటే నేను అభ్యంతరం చెప్పను. కాకపోతే ఎప్పుడు, ఎలా అన్నదే ప్రశ్న.

పనిని పూర్తిగా మానలేదు. ఏప్రిల్ 3 నుంచి యంగ్ ఇండియా సంపాదకత్వం మళ్లీ చేపట్టారు. మోతీలాల్ నెహ్రూ, చిత్తరంజన్ దాస్ వచ్చి శాసనసభల్లో ప్రవేశం గురించి రోజుల తరబడి చర్చలు జరిపారు. అంటే ఇప్పటి భాషలో వర్క్ ఫ్రమ్ హోమ్. మే నెలాఖరున జుహూ వదిలి సబర్మతి చేరారు. ఆపరేషన్ నుంచి సొంత ఇంటికి నాలుగున్నర నెలలు. డాక్టర్లు చెప్పిన ఆరు నెలలు కాకపోయినా, దేశం భుజాల మీద ఉన్న మనిషి అంత సమయం తీసుకున్నారు.

మరి మీ సంగతి?

మీకు నాలుగున్నర నెలలు అక్కర్లేదు. ఇప్పుడు అపెండిక్స్‌ను చిన్న రంధ్రాల ద్వారా తీసేస్తే రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతున్నారు. అయితే అదే పగిలి, చీము పట్టి, కడుపు కోసి చేయాల్సి వస్తే నెల, నెలన్నర పడుతుంది. ఆపరేషన్ పేరు ఒకటే, కోలుకునే లెక్క వేరు. పక్కింటాయన పదో రోజే బైకు నడిపాడని మీరు నడపొద్దు.

ప్రయాణంలో మేం అన్నింటికంటే ఎక్కువగా భయపడేది కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం గురించి. డీప్ వెయిన్ థ్రాంబోసిస్ అంటాం. పెద్ద ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. దానికి తోడు కదలకుండా, మోకాళ్లు మడిచి గంటల కొద్దీ కూర్చుంటే పిక్కలోని రక్తం నిలిచిపోతుంది. ఆ గడ్డ ముక్క ఊడి ఊపిరితిత్తులకు చేరితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. ఈ ముప్పు మొదటి ఆరు వారాల్లో ఎక్కువ, పన్నెండు వారాల దాకా కొంత ఉంటుంది. మోకాలు, తుంటి మార్పిడి చేయించుకున్నవాళ్లకు, క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లకు, లావుగా ఉన్నవాళ్లకు, ఇంతకుముందు ఒకసారి గడ్డకట్టినవాళ్లకు ఇంకా ఎక్కువ. రక్తం పలచబడే ఇంజెక్షన్లు, బిళ్లలు డాక్టర్ రాసి ఉంటే ప్రయాణం రోజున మానేయకండి. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. లేవలేకపోతే కూర్చునే పాదాన్ని పైకీ కిందికీ ఆడించండి. రైల్లో పగలైతే నడవడానికి వీలుంటుంది, రాత్రి లోయర్ బెర్తులో కాళ్లు చాపుకోవచ్చు. అందుకే దూరమైతే బస్సుకన్నా రైలు మేలని నా ఓటు.

ప్రయాణమైన కొద్దిరోజుల్లో ఒక కాలు మాత్రమే వాచినా, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. నూనె రాసి మర్దన చేయించొద్దు, గడ్డ ఊడే ప్రమాదం ఉంది. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఆపరేషన్ అయిందన్న సంగతి, ప్రయాణం చేసిన సంగతి అక్కడి డాక్టర్‌కు మొట్టమొదట చెప్పండి. జ్వరం, గాయం ఎర్రబడటం, చీము కారడం ఉంటే ప్రయాణం మొదలే పెట్టొద్దు. గాంధీజీని ససూన్‌లో రెండు నెలలు కూర్చోబెట్టింది అదే.

విమానం గురించి చాలామంది అడుగుతారు. ఎగురుతున్నప్పుడు క్యాబిన్‌లో గాలి ఒత్తిడి సుమారు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. శరీరంలో చిక్కుకున్న గాలి ఆ ఎత్తులో వ్యాకోచిస్తుంది. కడుపు కోసి చేసిన పెద్ద ఆపరేషన్ తర్వాత సాధారణంగా పది రోజులు, చిన్న రంధ్రాలతో చేసినదైతే నాలుగైదు రోజులు ఆగమంటారు. ఇవి అంతా సవ్యంగా ఉన్నవాళ్ల లెక్కలు, అవీ కనీసపు లెక్కలు. అమెరికా దాకా పోయే విమానానికి ఇవి సరిపోవు, మీ సర్జన్‌తో విడిగా మాట్లాడాలి. కంట్లో రెటీనా ఆపరేషన్ చేసి గ్యాస్ బుడగ పెట్టి ఉంటే, అది కరిగిందని కంటి డాక్టర్ చెప్పేదాకా విమానం ఎక్కనేకూడదు. చూపు పోతుంది. కొండలు ఎక్కడం కూడా ఆయన్ను అడిగాకే.

డిశ్చార్జి సమ్మరీ అసలు ఇంట్లో పెట్టి, జిరాక్స్ ఒకటి సంచిలో, ఫొటో ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి. మందులు పెద్ద సూట్‌కేసులో వేయకండి, చేతిసంచిలో పెట్టుకోండి. ఇన్సులిన్ అయితే తప్పనిసరిగా. పెద్ద ఆపరేషన్ తర్వాత ఆరు వారాల దాకా ఆ సూట్‌కేసు మీరు ఎత్తొద్దు. ఇక తిరుపతి మొక్కు. వెంకన్న తొందరపడడు, తొందర మనదే. కాలినడక మొక్కు ఉంటే మూడు నెలలు దాటాక, డాక్టర్‌ను అడిగి తీర్చుకోండి.

మళ్లీ గాంధీజీ దగ్గరికి వద్దాం. సబర్మతి చేరిన నాలుగు నెలలకే, 1924 సెప్టెంబరులో, హిందూ ముస్లిం ఐక్యత కోసం ఢిల్లీలో 21 రోజుల నిరాహార దీక్ష చేశారు. డాక్టర్ అన్సారీ పక్కనే ఉండి చూసుకున్నారు. నేనుంటే ఒప్పుకునేవాణ్ణి కాదు, నా మాట ఆయన వినేవారూ కాదు. డిసెంబరులో బెల్గాం కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. ఆ తర్వాత ఊరూరా తిరుగుడు. 1927 మార్చిలో కొల్హాపూర్ ప్రాంతంలో పర్యటిస్తుండగా ఒళ్లు మొరాయించింది. రక్తపోటు బాగా పెరిగిందని, విశ్రాంతి తప్ప మందు లేదని తేల్చారు. కార్యక్రమాలన్నీ రద్దయ్యాయి.

ఈసారి పంపింది నంది కొండకు. మన హిందూపురం వాళ్లకు బాగా తెలిసిన కొండే. 4,850 అడుగుల ఎత్తు, బెంగళూరు నుంచి 60 కిలోమీటర్లు. మాథేరాన్‌లా వారంలో పారిపోలేదు. ఏప్రిల్, మే నెలలు అక్కడే ఉన్నారు. జూన్‌లో బెంగళూరుకు దిగి, ఇంకొన్ని వారాలు అక్కడే విశ్రాంతి తీసుకున్నాక, కొద్దికొద్దిగా చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లడం మొదలుపెట్టారు. రెండేళ్ల తర్వాత 1929 వేసవిలో, ఏప్రిల్, మే నెలల ఎండల్లో, ఖద్దరు నిధి కోసం ఆంధ్ర జిల్లాల్లో ఊరూరా తిరిగారు. అప్పటికి ఆయన వయసు 59.